దొరగారి కొమ్ముముంతలకు తలంటు

ఇప్పుడు మీరు లేవగానే ఒక టీ, పళ్ళు తోముకున్నాక ఇంకో టీ, ఆఫీసులో సంతకం పెట్టి ఒకటి, ఏ పనీ చెయ్యకుండానే అలిసిపోయి మరొకటి తాగుతున్నారు కదా. తాగండి, నాకేం అభ్యంతరం లేదు. కాని ఈ అలవాటు మీకు ఆకాశం నుంచి ఊడిపడలేదు. మీ తాతల గొంతుల్లో దీన్ని బతిమాలి, బామాలి పోసినవాళ్ళలో నేనొకణ్ణి. నా ఉద్యోగం పేరు టీ ప్రచారకుడు. పంతొమ్మిదివందల ముప్ఫైల్లో ఏలూరు మకాంగా పెట్టుకుని, కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళన్నీ బండి మీద తిరిగి, ఉచితంగా టీ కాచి పోసి, తాగినవాళ్ళని "ఎలా ఉందండీ?" అని అడగడం నా పని. అలా అడిగి తీరాలని మా నిబంధనల్లో ఉంది. జవాబు వినాలని మాత్రం ఎక్కడా లేదు, అది మా అదృష్టం.

ఎందుకంటే జవాబులు అలా ఉండేవి. గణపవరంలో ఒక పెద్దమనిషి ఒక గుక్క తాగి, కండువాతో నాలిక తుడుచుకుని, "ఇది జొరానికాండీ, అజీర్తికాండీ?" అని మర్యాదగా అడిగాడు. ఇంకో ఊళ్ళో ఒకావిడ గ్లాసు పుచ్చుకుని, "మా గేదె ఈనిందండి, దానికి పడతాను" అని లోపలికి పట్టుకుపోయింది. గేదె ఏమందో మాకు తెలీలేదు.

మా పటాలం మొత్తం ముగ్గురం. పైన ఇనస్పెక్టరుగారు. ఇస్త్రీ కోటు, నున్నటి క్రాపు. టీ మహిమ గురించి ఇంగ్లీషులోనూ తెలుగులోనూ అనర్గళంగా మాట్లాడేవారు, పొద్దున్నే చిక్కటి కాఫీ పడితే. కాఫీ పడకపోతే టీ గురించి మాట్లాడే ఓపిక ఆయనకు ఉండేది కాదు. మధ్యన నేను. తాడేపల్లిగూడెంలో ఎస్సెల్సీ తప్పి, మా మావయ్య బియ్యం కొట్లో కూర్చోవడం తప్పించుకోవడానికి ఈ ఉద్యోగంలో చేరినవాణ్ణి. మూడోవాడు బండాయన. భీమడోలు దగ్గర పల్లె, కిరస్తానీ, నాకంటే రెట్టింపు వయసు. ఆయన ఎద్దుని ఎక్కడైనా ఆపచ్చు గాని ఆయన నోరు ఆపడం ఎవరి తరం కాదు. నేను చెప్పగా చెప్పగా విని టీ నిబంధనలన్నీ ఆయనకు కంఠతా వచ్చేశాయి. జనం మధ్యలో నన్ను నిలబెట్టి తప్పులు దిద్దేవాడు.

"అలా కాదండి బాబుగారూ పొయ్యడం. ఎత్తి పొయ్యాలండి. ధార తెగకూడదండి. ఓసారి నా చేతికివ్వండి, చూపిత్తాను."

ఇవ్వడానికి లేదు. ఆయన చేత్తో పోస్తే ఊళ్ళో ఎవరూ పుచ్చుకోరని ఇనస్పెక్టరుగారు మొదటిరోజే తేల్చి చెప్పేశారు. కట్టెలు కొట్టచ్చు, బండి తోలచ్చు, డబ్బాలు మొయ్యచ్చు, కెటిల్ మాత్రం ముట్టుకోకూడదు. టీ బండి తోలుతూ ఒక్క మనిషికైనా టీ పొయ్యని మనిషి ఆయన. మిగిలిపోయిన అడుగు టీ ఏదైనా ఉంటే తన రేకు మగ్గులో పోయించుకుని, బండి చక్రానికి ఆనుకుని తాగి, "ఎలా ఉందండీ?" అని తనని తానే అడుక్కుని, "బలే ఉందండి" అని తనే చెప్పుకునేవాడు. నేను నవ్వేవాణ్ణి. లోపల మాత్రం నాకు సిగ్గుగానే ఉండేది.

మా టీ డబ్బాలు ఏలూరు కాలవ ఒడ్డున ఒక పూటకూళ్ళ ఇంట్లో వీధిగది అద్దెకు తీసుకుని దాచేవాళ్ళం. ఆ ఇల్లు నడిపే ఆవిడ ముసలమ్మ, వితంతువు. ఊరందరూ పిన్నిగారనేవారు. ఏలూరులో మడి అంటే ఆవిడదే మడి. కోర్టు గుమాస్తాలూ పురోహితులూ ఆ మడి చూసే ఆవిడ పంక్తిలో కూర్చునేవారు. గది అద్దెకిచ్చేటప్పుడే ఆవిడ షరతు పెట్టింది.

"ఆ ఆకు డబ్బాల్లో ఉన్నంతసేపూ నాకేం బాధ లేదు నాయనా. కాచిన కషాయం మాత్రం నా గడప దాటి రాకూడదు. తాగినవాళ్ళు పిచ్చెక్కి తిరుగుతారటగా!"

"ఎవరు చెప్పారండీ?"

"నిన్ను చూస్తే తెలీట్లేదూ?"

ఆ గదిలో మాకొక చిక్కుండేది. డబ్బాల్లో టీ ఆకు నెమ్మదిగా తరిగిపోయేది. ఇనస్పెక్టరుగారు ఎలకలన్నారు. ఎలక టీ ఆకు తింటుందా అని నాకు అనుమానం వచ్చినా, ఆయన మద్రాసులో మా పెద్దాఫీసుకి అలాగే రాశారు కనక ఎలకలే అయ్యాయి. పిన్నిగారు ఎంతో నొచ్చుకుని, తన పిల్లిని రోజూ సాయంత్రం ఆ గదిలో వదిలేది. ఆకు తరగడం మాత్రం ఆగలేదు. పిల్లికి ఒళ్ళు బద్ధకమని ఆవిడే తిట్టిపోసేది.

ఇలా ఉండగా మద్రాసు నుంచి పెట్టెలు దిగాయి. గడ్డి తీసి చూస్తే లోపల మట్టి ముంతలు. మెరుగు పూత లేని ఎర్రమట్టివి, రెండు గుప్పిళ్ళలో పట్టేంతవి. ఒక పక్క పిడి, ఒక పక్క కొమ్ము, నెత్తిన బొడిపె ఉన్న మూత. ఇంగ్లీషులో వాటిని టీపాట్లంటారు. మా వీధిలో వాటికి పేరు పెట్టడానికి ఎవరికీ క్షణం పట్టలేదు. కొమ్ముముంతలు.

వీటి వెనక మా పెద్దదొరగారి బుర్ర ఉంది. ఆయన కుర్రతనంలో చైనాలో ఉద్యోగం వెలగబెట్టాడట. అక్కడ ఇలాంటి ముంతలోనే టీ కాస్తారట. పూత లేని మట్టి రోజూ కొంచెం కొంచెం టీని తాగుతుందట. ఏళ్ళు గడిచేసరికి లోపల నల్లబడి, బయట నిగనిగలాడి, ఉత్తి వేణ్ణీళ్ళు పోసినా టీ అయి బయటికొస్తుందట. మన దేశంలో ఇంటింటా కుండలున్నాయి కనక, ఇంటింటికీ ఒక ముంత పంచితే టీ దానంతటదే అలవాటవుతుందని ఆయన ఊహ. పెద్ద ఉద్యోగాలకి అలాంటి బుర్రే కావాలి.

పిన్నిగారు గుమ్మంలో నిలబడి ఈ కథంతా విని పెదవి విరిచింది.

"మట్టిదా? మట్టిది ఒకళ్ళ చేతిలోనే ఉండాలి అబ్బాయ్. ఇత్తడి మైలపడితే చింతపండు పెట్టి తోముకుంటాం. మట్టి మైలపడితే పగలగొట్టడమే. ఏం తగిలితే అది తాగేస్తుంది. కడిగితే పోదు."

పెరట్లో ఎద్దుకి గడ్డి వేస్తున్న బండాయన అక్కణ్ణించే అందుకున్నాడు. "మా గుళ్ళోనూ బైబిలు చదివి అదే చెప్తారండి అమ్మగారూ. మట్టిది అంటుపడితే పగలగొట్టెయ్యడమేనండి."

ఇద్దరు దేవుళ్ళు ఒక్క మాట మీద నిలబడగా నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. మట్టి తాగేస్తుందన్నది దొరగారికి దాని గొప్ప, పిన్నిగారికి దాని దోషం. ఇంతా చెప్పి ఆవిడ రెండు ముంతలు పక్కకి తీసుకుంది. "ఒకటి నూనెకి, ఒకటి ఆముదానికి" అంది. నూనెది వంటింట్లో నా కళ్ళతో చూశాను. అట్ల పెనం మీద కొమ్ముతో చుక్కచుక్కగా పోస్తుంటే ముచ్చటేసింది. ఆముదం ముంత ఎక్కడ పెట్టిందో నేను అడగలేదు. ఆముదం గురించి ఎవరు అడుగుతారు?

మిగతావి ముంతకో టీ పొడి పొట్లం చొప్పున ఊళ్ళలో పంచాం. ఉచితం కనక చేతులు చాచి తీసుకున్నారు. నెలనెలా ఇనస్పెక్టరుగారు నన్ను అడిగేవారు.

"ముంతలు వాడుతున్నారుటయ్యా?"

"రోజూ వాడుతున్నారండి."

ఆయన మద్రాసుకి అదే రాసేవారు. అందులో అబద్ధం ఒక్కక్షరం లేదు.

రెండేళ్ళు గడిచాయి. ఒక వేసవిలో ఇనస్పెక్టరుగారు కాఫీ తాగకుండానే వచ్చారు. ఆయన మొహం చూస్తేనే ఏదో మునిగిందని తెలిసింది. పెద్దదొరగారు వస్తున్నాడు. కృష్ణ వైపు ఒక బృందం, గోదావరి వైపు మేము. రెండిటినీ నడపడం అనవసరమని పైవాళ్ళు అనుకుంటున్నారట. ఎక్కడ ముంతలు ఇళ్ళలో నిజంగా వాడుతున్నారో దొరగారు స్వయంగా చూసి, వాడని చోట బండి తీయించేస్తాడట.

నా కళ్ళ ముందు మావయ్య బియ్యం కొట్టు కనిపించింది. మావయ్య ప్రతి బస్తాకీ నా ఎస్సెల్సీ గురించి ఒక మాట అనేవాడు. బండాయన ఎద్దు మెడ మీది తాడు సర్దాడు.

"నాకు మళ్ళీ పెంట తోలకమేనండి బాబుగారూ" అన్నాడు. "ఇక్కడ పొయ్యకపోయినా వాసనైనా పీల్చుకుంటన్నాను."

ముంతలన్నీ పోగుచేసి, దొరగారి ఎదట వరసగా పెట్టి, ఇవిగో ఇళ్ళలో రోజూ వాడుతున్న ముంతలు అని చూపించాలని ఇనస్పెక్టరుగారి ఆలోచన. నేనూ బండాయనా బయల్దేరాం. కొల్లేటి గట్టు దాకా బండి, అక్కణ్ణించి దిబ్బల మీది ఇళ్ళకి తాటిదోనె. ఒకావిడ పొయ్యి పక్కనుంచి నల్లటి ముద్దొకటి తీసి నా చేతిలో పెట్టింది. పట్టుకుంటే వేళ్ళు అంటుకుపోయాయి.

"బలే ముంతండి బాబుగారూ! చేపలు వేపేటప్పుడు నూనె చుక్క కిందపడదండి. ఇంకోటుంటే ఇప్పిచ్చండి."

"మరి టీ ఎందులో కాస్తున్నారమ్మా?"

"ఆ పొడాండీ? దాంతో పళ్ళు తోముకున్నామండి. అయిపోయిందండి."

ఇల్లిల్లూ అదే కథ. ఒక చోట నువ్వుల నూనె, ఒక చోట నెయ్యి, ఇంకో చోట పిల్లల మాడుకి రాసే ఆముదం. ఒక ఘనుడు కిరసనాయిలు పోసి, కొమ్ములో వత్తి పెట్టి దీపం చేశాడు. అన్నీ జిడ్డు సరుకులే. ఉగ్గుగిన్నెతో ఆముదం పట్టించుకుని పెరిగిన జాతి మనది. కొమ్మున్న ముంత కనిపిస్తే మనకి నూనె తప్ప ఇంకేం తోస్తుంది?

పూత లేని మట్టి కదా, లోపలి నూనె బయటికి చెమర్చింది. దాని మీద దుమ్ము పడింది. దుమ్ము మీద వంటింటి మసి, మసి మీద మళ్ళీ నూనె. గోటితో గీస్తే మైనంలా లేచి వచ్చేది. ఆ ముంతల్ని పిన్నిగారి పెరట్లో వరసగా పెట్టినప్పుడు కాకి కూడా దగ్గరకు రాలేదు.

ఇక తోమకం. మొదట ఇనస్పెక్టరుగారి ఇంగ్లీషు వైద్యం. బట్టల సోడా, సబ్బు వేసి వేణ్ణీళ్ళలో నానబెట్టించారు. పై మురికి కొంత వదిలింది. ఎండలో పెట్టాక ముంతల ఒంటి మీద తెల్లగా ఉప్పు పొంగింది. ఒకదాంట్లో నీళ్ళు పోసి కొమ్ము వంచితే నురగ వచ్చింది.

"టీకి నురగ మంచిదే కదండీ" అన్నాను.

"నోరు మూసుకోవయ్యా" అన్నారాయన.

పిన్నిగారు వంటింటి కిటికీలోంచి చూసి తల కొట్టుకుంది. "సబ్బు తాగించారూ! మీ బుద్ధి మండా, మనిషికైనా ముంతకైనా జిడ్డు పోవాలంటే తలంటే. కుంకుడుకాయలు కొట్టండి."

కొట్టాం. గోరువెచ్చటి రసంలో ముంచి, శనగపిండి పట్టించి, కొబ్బరి పీచుతో ఒక్కొక్క ముంతకీ తలంటు పోశాం. నా ఒంటికి మా అమ్మ కూడా అంత శ్రద్ధగా పొయ్యలేదు. నా కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే వీధిలో పోయేవాళ్ళు ఆగి, ఎవరు పోయారండీ అని అడిగారు. పైజిడ్డంతా పోయింది. కాని మట్టి లోపలికి తాగేసిన నూనె అలాగే ఉంది. ఎండ తగలగానే మళ్ళీ చెమర్చడం మొదలెట్టింది.

అప్పుడు బండాయన పిడకలు తెచ్చాడు. నెయ్యి కుండల్ని ఆడవాళ్ళు ఎలా కాలుస్తారో తనకు తెలుసన్నాడు. ముంతల్ని సన్నటి పిడకల దాలి మీద బోర్లించి మూసేశాడు. లోపలి నూనె పొగై లేచింది. కాలవ అవతలి ఒడ్డున ఎవరో మంటలని కేకలేశారు. కిరసనాయిలు ముంత ఢామ్మని పేలి ఇనస్పెక్టరుగారి కోటు మీద మసి కొట్టింది. తక్కినవి నిలిచాయి. చల్లారాక వరిపొట్టుతో రుద్ది కడిగి ఆరబెడితే, నమ్మండి, కుమ్మరి ఆవంలోంచి అప్పుడే తీసినట్టు ఎర్రగా ఉన్నాయి. లోపల వేలు పెట్టి తిప్పితే వేలికి ఏమీ అంటలేదు. మేం ముగ్గురం వాటి చుట్టూ పెళ్ళివారిలా తిరిగాం.

పిన్నిగారు వచ్చి ఒకటి చూసి, మూత తీసి లోపలికి చూసి, అదోలా మొహం పెట్టింది. "మరీ ఇంత తోమక్కర్లేదేమో అబ్బాయ్" అంది.

ఆవిడకి మా పనితనం అంటే ఈర్ష్య అనుకున్నాం.

దొరగారు పొద్దుటి రైలు దిగి, జట్కాలో వచ్చాడు. తెల్లటి పొడుగాటి ముసలాయన. మర్యాదస్తుడే, టోపీ తీసి అందరికీ దణ్ణం పెట్టాడు. వీధి గుమ్మం ముందు బల్ల మీద ముంతల్ని వరసగా పెట్టాం. ఎదర అరుగు మీద భోజనాలకొచ్చిన పురోహితుడుగారూ ఇద్దరు గుమాస్తాలూ తమాషా చూడటానికి కూర్చున్నారు. తలుపు వెనక పిన్నిగారు. బండాయన ఎద్దు పక్కన దూరంగా నిలబడ్డాడు.

"ఇవి రెండేళ్ళుగా ఇళ్ళలో రోజూ వాడుతున్న ముంతలు సార్" అన్నారు ఇనస్పెక్టరుగారు ఇంగ్లీషులో.

దొరగారు సంతోషంగా మొదటిది తీసుకున్నాడు. మూత తీశాడు. వెలుతురుకి తిప్పి లోపలికి చూశాడు. ముక్కు పెట్టాడు. కింద పెట్టేసి రెండోది తీశాడు. తరవాత మూడోది. ప్రతి ముంతకీ ఆయన మొహం ఇంకాస్త ఎర్రబడి, చివరికి ముంతలకీ ఆయనకీ తేడా లేకపోయింది.

నా ఇంగ్లీషు తప్పిన ఇంగ్లీషే. అయినా ఆ మాటలకి అది చాలింది. రెండేళ్ళు టీ కాస్తే లోపల నల్లగా ఉండాలి. వీటిలో టీ చుక్క పడలేదు, ఇవి కొత్తవి, మీరు నన్ను మోసం చేస్తున్నారు. సామాను సర్దెయ్యండి.

మేం ఎంత బాగా తోమామో అంత బాగా దొరికిపోయాం. మన దృష్టిలో శుభ్రమంటే మరక లేకపోవడం. ఆయన వెతుకుతున్నది ఆ మరకనే. కనీసం నూనె మరకలతో ఉంచినా వాడారని నమ్మేవాడేమో. ఇనస్పెక్టరుగారు కోటు గుండీలు పెట్టుకుంటూ తీసుకుంటూ ఉండిపోయారు. బండాయన ఎద్దు మెడ మీద చెయ్యి వేసి నేలకేసి చూస్తున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు గాని, బండి తియ్యమన్న మొహం ఏ భాషలోనైనా ఒక్కటే.

తలుపు వెనకనుంచి పిన్నిగారు గుసగుసగా, "ఏవంటున్నాడు?" అంది.

"ముంతలో టీ మరక లేదంటున్నాడండి. నల్లగా ఉండాలిట. మమ్మల్ని పొమ్మంటున్నాడు."

"అందర్నీనా?"

"అందర్నీనండి. బండాయన్నీ."

ఆవిడ లోపలికి వెళ్ళింది. కాసేపటికి గుడ్డ చుట్టిన వస్తువొకటి తెచ్చి, గుడ్డ విప్పి, గడప మీద పెట్టింది.

కొమ్ముముంత. బయట చింతగింజలా నిగనిగలాడుతోంది. అదే ఆముదం ముంత.

"దీన్ని చూడమను" అంది.

దొరగారు చెయ్యి చాచాడు. ఇనస్పెక్టరుగారు గాభరాగా, "సార్, ముట్టుకోకండి!" అని అరిచి, పిన్నిగారి వైపు తిరిగి, "అమ్మా, అది మట్టిది, ఆయన తాకితే మరి మీకు..." అని నీళ్ళు నమిలారు.

"ముట్టుకోకుండా ఎలా చూస్తాడయ్యా? పట్టుకోమను."

దొరగారు రెండు చేతులతో ఎత్తాడు. మూత తీశాడు. లోపల కాటుక నలుపు. ఆయన వాసన చూసి కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయాడు, మనవాళ్ళు హారతి కళ్ళకద్దుకున్నట్టు. వేణ్ణీళ్ళు కావాలని సైగ చేశాడు. మా కెటిల్‌లోంచి ఉత్తి నీళ్ళు పోయించుకుని, కాసేపు ఆగి, కప్పులోకి వంచాడు. రంగు దిగింది. అరుగు మీదవాళ్ళ దాకా వాసన వెళ్ళింది.

రెండేళ్ళుగా టీ ఆకు తిన్న ఎలక ఎవరో నాకప్పుడు అర్థమైంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు గాని, పాపం, ఆ పిల్లి అనవసరంగా మాటలు పడింది.

పురోహితుడుగారు అరుగు మీంచి లేచి నిలబడ్డారు. "పిన్నిగారూ! మీరా? టీయా?"

"పడిశానికి కషాయం" అంది ఆవిడ తొణక్కుండా. "మీరు నా అరుగు మీద కాల్చే చుట్ట ఏ హోమం కిందికొస్తుందో చెప్పండి, ఇదీ అదే లెక్క వేసుకుంటాను."

ఆయన కూర్చున్నారు. మర్నాడు భోజనానికి రాలేదు. ఒక గుమాస్తాని కూడా ఆపేశారు. రెండో గుమాస్తా వచ్చాడు, వచ్చి పిన్నిగారి వంటింటి వైపు ఆశగా వాసన చూశాడు. పదిహేను రోజులకి పురోహితుడుగారూ వచ్చారు. ఏలూరులో అలాంటి పప్పుచారు ఇంకోచోట లేదు.

దొరగారు ఇనస్పెక్టరుగారి చెయ్యి ఊపి, పిన్నిగారికి వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మా బండి నిలిచింది. ఇనస్పెక్టరుగారు తన సంతోషం పట్టలేక కాఫీకి పరిగెత్తారు.

నేను మాత్రం గడప మీద ముంతని చూస్తూ నిలబడిపోయాను. మట్టిది మైలపడితే పగలగొట్టడమేనని చెప్పిన మనిషి, తెలిసి తెలిసీ దొర చేతికి ఇచ్చింది. రెండేళ్ళు రోజుకింత చొప్పున, ఎవరికీ చెప్పకుండా, తన ఒక్కదాని కోసం పెంచుకున్న రుచి అది. మా ముగ్గురి కూటి కోసం ఇచ్చేసింది. దణ్ణం పెడదామని వంగితే, "పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డం" అంది.

తరవాత బండాయన్ని పిలిచింది. "ఏవోయ్, ఇంక ఇది నాకు పనికిరాదు. కాలవ గట్టు మీద పగలగొట్టెయ్."

"అలాగేనండి అమ్మగారూ."

మర్నాడు చూస్తే ముంత బండిలో గడ్డి మీద సుఖంగా పడుకుని ఉంది.

"పగలగొట్టలేదా?" అన్నాను.

"గట్టు మెత్తగా ఉందండి బాబుగారూ. పగల్లేదండి."

పిన్నిగారికి నేను తోమిన ముంతల్లోంచి మంచిది ఏరి ఇచ్చాను. ఇప్పుడింక దాపరికం లేదు కనక నా ఎదటే కాచుకుంది. ఒక గుక్క తాగి నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. "కుంకుడురసం" అంది. ఇంకోటి ఇచ్చాను. అందులో పిడకల వాసన. మూడోదాంట్లో చేప. ఎంత తోమినా మట్టి తాగింది తాగినట్టే ఉంది, ఆవిడ ముందే చెప్పింది.

బండాయన మాత్రం రోజూ మధ్యాహ్నం ఎద్దుని విప్పాక, పెరటి దడి అవతల మూడు రాళ్ళు పెట్టుకుని ఆ ముంతలో టీ కాచుకునేవాడు. గాలి కాలవ వైపు నుంచి ఆ వాసనని వంటింటి కిటికీలోకి కొట్టేది. పిన్నిగారు కిటికీ మూసేది. ఉక్కపోసి మళ్ళీ తెరిచేది. ఆ వేసవంతా ఆవిడ విసుగు భరించలేక వంటమనిషి మానేసింది.

ఒక మధ్యాహ్నం నేను పెరట్లో డబ్బాలు ఎండబెడుతున్నాను. పిన్నిగారు ఇత్తడి గ్లాసు పట్టుకుని దడి దాకా నడిచి వచ్చింది. అటూ ఇటూ చూసింది. నన్ను చూసి కూడా చూడనట్టు మొహం పక్కకి తిప్పుకుని, గ్లాసు దడి మీంచి చాపింది.

"ఎత్తి పొయ్యి. తగలకుండా."

బండాయన లేచాడు. ముంత తన తల దాకా ఎత్తి కొమ్ము వంచాడు. అంత ఎత్తునుంచి సన్నటి ఎర్రటి ధార, ఎక్కడా తెగకుండా, చుక్క బయట పడకుండా ఆ గ్లాసులోకి దిగింది. ఇన్నాళ్ళూ ఆయన నాకు చెప్పింది నిజమే. అలాగే పొయ్యాలి. నాకెప్పుడూ అలా రాలేదు.

ఆవిడ అక్కడే నిలబడి తాగింది. ఆయన ముంత కిందికి దించి, చేతులు కట్టుకుని, మా నిబంధనల్లో ఉన్నట్టే మర్యాదగా అడిగాడు.

"ఎలా ఉందండీ?"

పిన్నిగారు గ్లాసు అడుగు దాకా ఖాళీ చేసి, పైటకొంగుతో మూతి తుడుచుకుంది.

"చప్పగా ఉంది" అంది. "ఇంకాస్త పొయ్యి."